హౌజులో పడవ మోటరు

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున సూరిబాబు మా ఇంటికి వచ్చాడు. కారు ఎక్కడో మెట్రో పిల్లరు దగ్గర పెట్టి, సందులు వెతుక్కుంటూ నడిచి వచ్చాడట, చొక్కా మొత్తం తడిసిపోయింది. నెత్తి మీద వెంట్రుకలు లేవు, పొట్ట వచ్చింది, నేను గుర్తు పట్టలేదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, లోపలికి కాలు పెట్టకుండానే, "అక్కా, ఇంతకీ ఆ పిన్ను ఊడిందా లేదా?" అన్నాడు. అప్పుడు గుర్తు పట్టాను. ఇన్నేళ్ళకు వచ్చి, బాగున్నారా అని కూడా అనకుండా పిన్ను సంగతి అడిగే మనిషి లోకంలో వాడొక్కడే ఉంటాడు.

"ఊడింది తమ్మీ, కూసో" అన్నాను.

"ఎలా ఊడింది? వేడి పెట్టారా? కోసేశారా?"

"ముందుగాల చాయ్ తాగు."

చాయ్ తాగినంత సేపూ వాడు నా ముఖమే చూస్తున్నాడు. ఎన్నో పెద్ద పెద్ద ప్రాజెక్టులు చేశాడట, అయిపోయినవన్నీ మర్చిపోయాడట, ఆఫీసు మీటింగుల్లో ఎవరైనా పొడుగ్గా మాట్లాడుతుంటే మాత్రం ఇప్పటికీ ఆ పిన్నే కళ్ళ ముందు కనబడుతుందట. ఊడేలోపే వాడు మా ఇంటి హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు పాపం. అందుకని మొదటి నుంచీ చెప్పాను. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

నేను కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఉండేది. ఊరంతా కంప్యూటర్ల వెంట పడిన రోజులవి. ఏ గోడ చూసినా జావా నేర్పుతాం రండి అంటూ రంగు కాగితాలు. ఒకదాని మీద ఒకటి అంటించి అంటించి గోడలు బొంతలు కప్పుకున్నట్టు ఉబ్బిపోయేవి. మా అత్త మేడ మీద రేకుల గదులు వేయించి, కోస్తా జిల్లాల నుంచి కోచింగుకు వచ్చిన పిల్లలకు హాస్టల్ నడిపేది. వంట నాది. తెల్లారేసరికి ఇంట్లో కిరోసిన్ స్టవ్వు వాసన, దాని మీద ఉప్మా పోపు వాసన, ఆ రెండింటి మీదా పిల్లల తడి తువ్వాళ్ళ వాసన. మా ఆయనకు మైత్రీవనం పక్కన జిరాక్సు దుకాణం. ఇంటికి వచ్చి చొక్కా విప్పితే వేడి కాగితం వాసన వచ్చేది. నాకు చదువు అయిదో తరగతితో ఆగింది. పిల్లలు పొద్దున్నే దాబా మీద అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో ఏదో వల్లెవేస్తుంటే, మొదట్లో అదేదో దీక్ష అనుకున్నాను. కూరలో ఉల్లిగడ్డ వేయొచ్చా అని అడిగాను కూడా.

మా మామ మల్లయ్య ట్యాంక్‌బండ్ దగ్గర పడవలకు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పడవ వెనక చెక్కకు తగిలించే మోటర్లు ఉంటాయి చూడండి, పైన తలకాయలాంటి ఇంజను, కింద పొడుగాటి కాలు, కాలి చివర మూడు రెక్కల పంకా, అవి ఆయన పని. పనికిరాదని మూలన పడేసిన పాత మోటరు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. దానికి దెబ్బ తగలకుండా అత్త గద్వాల చీరలో చుట్టి ఆటోలో తెచ్చాడు. అత్త ఆ చీరను చివరిదాకా మర్చిపోలేదు. మోటరు మాట ఎవరు ఎత్తినా ముందు చీర సంగతి వచ్చేది, తర్వాతే మోటరు.

అలాంటి మోటరును నీళ్ళలో కాలు పెట్టించే నడపాలట, పొడిగా నడిపితే లోపల కాలిపోతుందట. మా ఇంట్లో అన్ని నీళ్ళు ఉండేది హౌజు ఒక్కటే. హౌజు అంటే వాకిట్లో కట్టిన సిమెంటు తొట్టి. నల్లా వచ్చినప్పుడు అందులో పట్టుకుని, స్నానాలకూ గిన్నెలకూ అన్నింటికీ అందులోంచే తోడుకోవాలి. మామ మోటరును తెచ్చి హౌజు గోడకు బిగించాడు. నెలల తరబడి విప్పాడు, తుడిచాడు, మళ్ళీ బిగించాడు. దసరా నాడు దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తాడు పట్టి లాగాడు. అది ఒక్కసారి దగ్గి, మొదలైంది. హౌజులో అలలు లేచాయి. స్నానానికి కూర్చున్న పిల్లాడి మగ్గు కొట్టుకుపోయింది, సబ్బు కొట్టుకుపోయింది, వాడు తువ్వాలు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. పొగకు పక్కింటివాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని తలుపులు వేసుకున్నారు. మామ మాత్రం చేతులు కట్టుకుని, కొడుకు పెళ్ళి ఊరేగింపు చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆనాటి నుంచి ప్రతి దసరాకూ మా ఇంట్లో అదే ఆయుధపూజ. మోటరుకు పసుపు, దాని మీద ఒక పూత సిల్వర్ పెయింటు, తర్వాత హౌజులో తుఫాను.

హాస్టల్లో పిల్లల సంఖ్య పెరిగింది, మేడకు ఉన్న ఇనప నిచ్చెన చాలక మెట్లు కావాల్సి వచ్చాయి. స్థలం లేక హౌజు మీదుగా కట్టించాం. మేస్త్రీ కట్టాడు, మామ పూటపూటా నీళ్ళు కొట్టి తడిపాడు, అత్త బొట్టు పెట్టింది. ఇంటిల్లిపాదీ దగ్గరుండి మోటరు నెత్తికి జానెడు ఎత్తులో సిమెంటు పోయించాం. ఇక దాన్ని పైకెత్తి బయటికి తీయడం కుదరదన్న సంగతి, సెంట్రింగు చెక్కలు విప్పిన రోజు అందరం చాయ్ తాగుతుండగా తెలిసింది.

"ఫికర్ లేదు. ఒంచి తీస్త" అన్నాడు మామ.

పడవ ఒడ్డుకు వచ్చినప్పుడు కాలు రాళ్ళకు తగలకుండా ఆ మోటరును వెనక్కి వంచుతారు. తలుపు బందు మీద తిరిగినట్టు, అది ఒక బొటనవేలంత లావు ఇనప పిన్ను మీద తిరుగుతుంది. మామ వంచబోయాడు. వంగలేదు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నిలబడి నిలబడి, పిన్నూ దాని చుట్టూ ఉన్న లోహమూ తెల్లటి తుప్పుతో ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. పిన్ను ఊడితే మోటరు రెండు ముక్కలుగా విడివడి సుళువుగా బయటికి వస్తుంది. ఊడకపోతే అక్కడే ఉంటుంది. అప్పటికి అది ఎవరికీ పెద్ద బాధగా అనిపించలేదు. మొక్క ఉన్నట్టు ఉంది, ఉండనీ అనుకున్నాం.

బాధ బిల్డరు వచ్చాక మొదలైంది. సందులో పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్న రోజులు. పంజాగుట్టలో ఆఫీసున్న రాఘవరావు అనే బిల్డరు మా ఇల్లూ, అటూ ఇటూ ఉన్న ఇళ్ళూ కలిపి ఐదంతస్తులు లేపుతానన్నాడు. ఇరుగుపొరుగు ఒప్పుకున్నారు, మా ఆయన ఒప్పుకున్నాడు. అందరికంటే ముందు మా అత్త ఒప్పుకుంది. ఎర్రమంజిల్‌లో చుట్టాల ఫ్లాటుకు వెళ్ళినప్పుడు వంటింట్లోనే నల్లా ఉండటం చూసి వచ్చిందామె. తిప్పితే నీళ్ళు, తిప్పితే బంద్. ఇంటికి వచ్చాక కూడా రెండు రోజులు గాలిలో వేళ్ళు తిప్పి చూపించింది. హౌజు నుంచి వంటింటికి బిందెలు మోసి మోసి ఆమె నడుము ఒక పక్కకు వాలిపోయింది. ఇల్లు మాత్రం మామ పేరు మీద ఉంది. సంతకం ఆయన పెట్టాలి.

"మల్లయ్యగారూ, మీదొక్కటే ఆగిందండీ" అన్నాడు బిల్డరు.

"పెడ్త సారూ. నేనెందుకు వద్దంట? ఇంజన్ బయటికి రానియ్యి. ఇరగకుండ, కొయ్యకుండ, నిండు పానంతోటి రావాలె. అదొచ్చిన దినమే సంతకం."

"ఏ ఇంజనండీ?"

మామ తీసుకెళ్ళి చూపించాడు. బిల్డరు మెట్ల కింద వంగి చాలాసేపు చూశాడు. "ఇది ఓడకు పెట్టేదా అండీ?" అన్నాడు మెల్లగా.

"అంత పెద్దది గాదు సారూ" అన్నాడు మామ, ఎవరో పొగిడినట్టు సిగ్గుపడుతూ.

అలా ఐదంతస్తుల మేడ ఒక పిన్ను మీద ఆగింది. ఆ ఏడాది మా వాకిట్లోకి వచ్చి పోయినంత మంది నిపుణులు ఇంకెక్కడికీ వచ్చి ఉండరు. అత్త అది మోకాలు పట్టేసిన లెక్కనే ఉందని తేల్చి, రోజూ ఆముదం పోసి ఉప్పు మూటతో కాపడం పెట్టమంది. మామ ఎంతో శ్రద్ధగా విని, "ఆముదం మంచిదే" అన్నాడు. పొద్దున్నే ఉప్మా అయ్యాక మోటరుకు కాపడం పెట్టడం నా పనుల్లో చేరింది. హాస్టల్ పిల్లలు సమ్మెట తెచ్చి వంతులవారీగా కొట్టారు. పిన్ను కదల్లేదు గానీ, దాని తల పుట్టగొడుగులా విచ్చుకుంది. విచ్చుకున్న తల రంధ్రంలో పట్టదు కదా, మామ వారమంతా కూర్చుని దాన్ని ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు. ఆ వారం ఉన్నంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

సూరిబాబుది తుని పక్క ఊరు. మెకానికల్ ఇంజనీరింగు చదివి, కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చి, ఆరు నెలలుగా ఉద్యోగం దొరకక కళ తప్పి తిరుగుతున్న పిల్లాడు. ఆ పిన్ను చూసేసరికి ముఖంలోకి రక్తం వచ్చింది. "అంకుల్, బయటిది అల్యూమినియం, లోపలిది ఇనుము. వేడి చేస్తే బయటిది ఎక్కువ సాగుతుంది. అప్పుడు వదులవుతుంది" అన్నాడు. హాస్టల్ గోడ మీద పెద్ద కాగితం అంటించి డబ్బాలూ బాణాలూ గీశాడు. ఊడిందా, ఊడితే ఇటు, ఊడకపోతే అటు. నేను వేలితో ఏ బాణం పట్టుకుని వెళ్ళినా చివరికి 'మళ్ళీ ఆముదం' అన్న డబ్బాకే చేరేదాన్ని.

వాడి మాట మీద బిల్డరు పంజాగుట్ట నుంచి గ్యాస్ వెల్డింగు యూసుఫ్ భాయ్‌ని పంపాడు. మామ ఎప్పట్లాగే మోటరుకు ఎడమ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"చాచా, జర పక్కకు జరుగు. మంట తగుల్తది."

"తగలనియ్యి. నువ్వు గటు దిక్కు కానియ్యి."

"రెండు దిక్కుల కాలిస్తెనే పని అయితది చాచా."

"నాకు మోకాళ్ళ నొప్పులు బేటా. కూసుంటె లేవరాదు."

యూసుఫ్ భాయ్ ఒక దిక్కే కాల్చాడు. హౌజు నీళ్ళు గోరువెచ్చగా అయ్యాయని ఎవరో అరిచారు. అయ్యాయో లేదో గానీ, పిల్లలందరూ బకెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పిన్ను ఊడలేదు. తర్వాత బిల్డరు వాస్తు ఆయన్ని పంపాడు. ఆయన కొబ్బరి నీళ్ళు తాగి, మోటరు ముఖం నైరుతికి ఉంది, తూర్పుకు తిప్పితే అంతా సర్దుకుంటుంది అన్నాడు. తిరగకపోవడమే కదండీ మా గోల అని ఎవరూ అనలేకపోయాం.

అంతలో సూరిబాబుకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. సంచి సర్దుకుని కిందికి వచ్చి, అత్త కాళ్ళకు, మామ కాళ్ళకు దండం పెట్టి, మోటరు తల మీద కూడా చెయ్యి వేసి వెళ్ళాడు. వాడు చూడని కథ ఇక్కడ మొదలవుతుంది.

దసరా దగ్గర పడింది. మామ పంజాగుట్టకు సిల్వర్ పెయింటు కోసం పోయాడు. అత్త ఇత్తడి సామానంతా ముందేసుకుని చింతపండుతో తోమి, ఆ ఊపులో మోటరు మీద పడింది. పాత రంగు గీకకుండా కొత్త రంగు ఎన్నేళ్ళు పూస్తాడని సణుగుతూ, మామ పీట మీదే కూర్చుని అట్లకాడతో గీకడం మొదలుపెట్టింది. పొరలు పొరలుగా ఊడి వచ్చింది. వెండి రంగు, కింద పసుపు, మళ్ళీ వెండి, మళ్ళీ పసుపు, అన్ని దసరాల పూజలూ.

"సుగుణా, గిటు రా" అని పిలిచింది నన్ను. "గిదేంది జూడు."

పిన్ను చివర, ఎడమ పక్కన, అగ్గిపుల్ల తలంత గుండ్రటిది ఒకటి కనబడుతోంది. కిందికి వంగి చూస్తే అవతలి వైపు కూడా ఉంది. పెద్ద పిన్నుకు అడ్డంగా దూర్చిన సన్న మేకు. తలుపుకు గడియ వేసినట్టు, అది ఉన్నంత వరకూ పెద్ద పిన్ను సమ్మెటకే కాదు, ఏనుగుకు కూడా కదలదు. నా చదువు అయిదో తరగతి అయినా నాకు అర్థమైంది. అత్తకు నాకంటే ముందే అర్థమైంది.

"జన్మంత గివే ఇంజన్లు ఇప్పిండు, గివే బిగించిండు. ఆయనకు తెల్వదా గీ మేకు?" అంది.

నేను పీట వైపు చూశాను. ఏ నిపుణుడు వచ్చినా మామ ఆ పక్కనే ఎందుకు కూర్చుంటాడో అప్పుడు తెలిసింది. ఇక ఇల్లు లేచిపోతుంది, గద్వాల చీర నుంచి మొదలుపెట్టి ఆమె మొత్తం బాకీ తీర్చుకుంటుంది అనుకున్నాను. ఆమె వంటింటి వైపు చూసింది, గడప దగ్గర బిందెల వైపు చూసింది. ఆ మేకు తల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు కూర్చుంది.

"పసుపు తే" అంది చివరికి.

"అత్తా, మరి నల్లా?"

"నల్లా యాడికి వోదు. గీ ఇల్లు ఆయన ఇటుక మీద ఇటుక వెట్టి కట్టుకున్నది. నోరిప్పి వద్దనలేక, మోటర్‌తోటి అనిపిస్తుండు. అనిపియ్యనీ కొన్నొద్దులు."

పసుపు మెత్తి, అడుగున మిగిలిన పాత డబ్బా గీకి, తనే సిల్వర్ పెయింటు పూసింది. మామ వచ్చి చూశాడు. ఆయన కుంచె నిలువుగా లాగుతాడు. ఆమె గోడకు సున్నం వేసినట్టు అడ్డంగా లాగింది. ఆ అడ్డగీతల వైపు చూసి, ఆమె వైపు చూసి, పోయి కాళ్ళు కడుక్కున్నాడు. మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి ఆడిన ఆట చెప్తే నమ్మరు. ఆయన సమ్మెటతో కొట్టేవాడు. ఈమె చాయ్ పట్టుకొచ్చి, "జర మెల్లగ కొట్టు, పగుల్తది" అనేది. "ఇయ్యాల జర కదిలినట్టున్నదే" అని ఆయన అనేవాడు. "అవు, నాకూ గట్లనే అనిపిస్తున్నది" అని ఈమె. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ఆ పక్కనే ఆమె బిందె ఎత్తుకుని పోయేది, నడుము పట్టుకుని.

దసరా పోయింది, సంక్రాంతి పోయింది, మామిడికాయలు వచ్చాయి. బిల్డరు ఒక రోజు సాయంత్రం పెద్ద కాగితం చుట్ట చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. మంచం మీద పరిచాడు.

"మల్లయ్యగారూ, మీ మోటరు ఎక్కడికీ కదలక్కర్లేదండీ. ప్లాన్ మార్చేశాను. ఇదిగో, ఇది సెల్లారు, నేల మట్టానే, ఇక్కడ కార్లు. ఈ రెండు కార్ల మధ్య మీ హౌజు, మోటరు ఎలా ఉన్నాయో అలాగే. చుట్టూ గ్రిల్లు పెట్టిస్తాను. ఎవరూ ముట్టుకోరు."

ఎవరికైనా ఇంతకంటే ఏం కావాలి? మా ఆయన చప్పట్లు కొట్టాడు. పిల్లలు మెట్ల మీద నుంచి ఈలలు వేశారు. మామ కాగితం మీద ఆ చిన్న చదరం దగ్గర వేలు పెట్టాడు.

"గీడ నీళ్ళుంటయా?"

"సెల్లారులో నీళ్ళెందుకండీ, దోమలు. హౌజు ఎండగట్టేస్తాం."

"ఎండిన హౌజుల నిలవెడ్తరా?"

"షోకి పెట్టినట్టు ఉంటుందండీ."

ఇంటి మీదికి ఐదంతస్తులు వస్తున్నా నోరు విప్పని మామ, ఎండిన హౌజు మాటకు లేచి నిలబడ్డాడు. "సుగుణా, సన్నపు మేకొకటి, చిన్న సుత్తె తే బిడ్డా" అన్నాడు.

పీట తీసి పక్కన పెట్టాడు. గోటితో రంగు గీకాడు. మేకు ఆనించి సుత్తితో టక్కుమని కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, అడ్డం పిన్ను హౌజులో పడి మునిగిపోయింది. పెద్ద పిన్నును పట్టుకారుతో పట్టి, ఒకేసారి లాగకుండా, అటు కొంచెం, ఇటు కొంచెం ఆడించాడు. ఏడాది పాటు తాగిన ఆముదం నల్లగా కారింది. జామకాయలోంచి పురుగు వచ్చినట్టు మెల్లగా, నునుపుగా, పిన్ను మొత్తం బయటికి వచ్చింది.

బిల్డరు నోరు తెరిచి మామనే చూస్తున్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఏదో ఒకటి అడిగేవాడే. అప్పుడు మా అత్త రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని, సందు మొత్తానికి వినబడేట్టు, "అవ్వో! లోపట గింత మేకున్నదా! ఎవలకన్న తెలుస్తదా గిది! ఎంత పనోడివయ్యా నువ్వు!" అంది. అంతే, అందరూ ఒక్కసారిగా ఎంత పనివాడు, ఎంత పనివాడు అన్నారు. బిల్డరు కూడా అన్నాడు.

మోటరును పక్కకు వంచి ఎత్తితే కాలు నీళ్ళలోంచి పైకి లేచింది. రెక్కలకు నాచు, ఎవరిదో మొలతాడు, పళ్ళు అరిగిన బ్రష్షు, సబ్బు పెట్టె మూత, ఎవరూ తమదని ఒప్పుకోని ఒక బనీను. మామ అవన్నీ తీసి గట్టు మీద పెట్టి, చేతులు తుడుచుకుని, అన్నమాట ప్రకారం ఆ రోజే సంతకం పెట్టాడు.

ఇదంతా విని సూరిబాబు నవ్వలేదు. ఖాళీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. "అన్ని డబ్బాలూ గీశానక్కా, అంకుల్ పీట ఒక్కటీ గీయలేదు" అన్నాడు. ఆ రోజుల్లో ఉద్యోగం రాక ఊరికి పోదామని సంచి సర్దుకున్నప్పుడల్లా, పిన్ను సంగతి తేలాక పోదాంలే అనుకునేవాడట. ఆ మాట మాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మేముంటున్నది ఆ ఐదంతస్తుల్లోనే, మూడోదాంట్లో. అత్తామామలు ఇద్దరూ లేరు. వంటింట్లో నల్లా ఉంది, స్నానాల గదిలో ఇంకో రెండున్నాయి. అప్పట్లో ఒకడి సబ్బు పోతే పదిమందీ హౌజు చుట్టూ చేరి వెతికేవాళ్ళు. ఇప్పుడు పైవాళ్ళ పేరు నాకు లిఫ్టు దగ్గరి బోర్డు చూస్తే గానీ గుర్తుకు రాదు. అలాగని బిందెలు మోసిన రోజులు మళ్ళీ రావాలని నేను అనను. అత్త నడుము నాకు గుర్తుంది.

మోటరు ఏమైందని వాడు అడగనే అడిగాడు. ఇల్లు పడగొట్టేటప్పుడు మేము ఎర్రమంజిల్‌లో అద్దెకు దిగాం. మామ పిన్నుకు గ్రీజు పెట్టి, మోటరును మళ్ళీ బిగించి, బస్సులో వేసుకుని మంజీర ఒడ్డున పడవ నడిపే తన తమ్ముడికి ఇచ్చి వచ్చాడు. తిరిగి వచ్చేసరికి పంచె మోకాళ్ళ దాకా తడిసి, అంచుకు బురద ఎండి ఉంది. గడప మీద కూర్చున్నాడు.

"నడిచిందా?" అంది అత్త.

"మస్తు నడిచింది. అవతలి ఒడ్డు దాక పోయొచ్చిన."

నేను బియ్యం ఏరుతున్నాను.

"నీకెప్పుడు తెల్సింది?" అన్నాడు మామ, ఆమె వైపు చూడకుండా.

"ఏంది తెల్సుడు?"

"ఏం లేదు తియ్యి."

"బురద కాళ్ళతోటి లోపటికి రాకు" అని అత్త లేచింది. వంటింట్లోకి పోయి, అద్దె ఇంటి నల్లా కింద చెంబు పెట్టి తిప్పింది. చెంబు నిండి నీళ్ళు పొర్లిపోతున్నా నల్లా కట్టేయలేదు. చెయ్యి ధార కింద పెట్టి అలాగే నిలబడింది. ఆయన గడప మీది నుంచి ఆ చప్పుడు వింటూ, చెంబు కోసం తొందరపెట్టకుండా కూర్చున్నాడు.